సన్నని తీగే కదా అని గోడ తొలిచేయొద్దు: ఇంటర్నెట్, సీసీ కెమెరా కేబుళ్లకు సురక్షితమైన దారి ఇదీ

గృహప్రవేశం ముగిసి, రంగుల వాసన ఇంకా పోకముందే గోడకు డ్రిల్లు పెట్టాల్సిన పరిస్థితి నేడు అనేక కొత్త ఇళ్లలో కనిపిస్తోంది. దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు ఎక్కడెక్కడ రావాలో నిర్మాణ సమయంలోనే ఆలోచిస్తున్నాం. ఇంటర్నెట్ రూటర్, సీసీ కెమెరాలు, వీడియో డోర్‌బెల్, టీవీ కేబుల్ మాత్రం చివరి నిమిషంలో గుర్తుకొస్తున్నాయి. అప్పటికే ప్లాస్టరింగ్ పూర్తయి ఉంటుంది. దాంతో కేబుల్ వేయడానికి వచ్చిన వ్యక్తి దగ్గరి దారి చూసుకొని బీమ్‌కు రంధ్రం వేయడమో, అప్పటికే ఉన్న కరెంటు పైపులోకి ఆ కేబుల్‌ను కూడా తోసేయడమో జరుగుతోంది. ఈ రెండు పనులూ చేయకూడనివే.

ఈ కేబుళ్లలో ప్రవహించే విద్యుత్తు స్వల్పం. అయితే వాటి కోసం ఎంచుకునే దారి సరైనది కాకపోతే ఇంటి నిర్మాణం బలహీనపడవచ్చు. 230 వోల్టుల విద్యుత్తు ఊహించని చోట చేతికి తగలవచ్చు. అందువల్ల ఇల్లు కట్టుకునేవారు, ఫ్లాటు లోపలి పనులు చేయించుకునేవారు ఈ కేబుళ్ల విషయంలో కొన్ని ప్రాథమిక సూత్రాలను ముందే తెలుసుకోవడం అవసరం.

'లో వోల్టేజి' అంటే ఏమిటి?

తెలుగు రాష్ట్రాల్లో 'లో వోల్టేజి' అనగానే వేసవి సాయంత్రాల్లో మసకబారే బల్బు, తిరగని మోటారు గుర్తుకొస్తాయి. ఇంజినీర్ల పరిభాషలో ఆ మాటకు అర్థం వేరు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఏసీలో 1,000 వోల్టుల వరకు లో వోల్టేజిగానే పరిగణిస్తారు. అంటే మన ఇంటి 230 వోల్టుల సరఫరా కూడా ఆ కోవలోకే వస్తుంది. కాబట్టి 'లో వోల్టేజి' అనే మాట విని ప్రమాదం లేదని అనుకోవడం పొరపాటు.

ఈ కథనంలో ప్రస్తావిస్తున్నవి అంతకంటే దిగువ స్థాయి తీగలు. ఏసీలో 50 వోల్టులు, డీసీలో 120 వోల్టులు మించని ఈ వర్గాన్ని 'ఎక్స్‌ట్రా లో వోల్టేజి' అంటారు. సీసీ కెమెరా అడాప్టరు సాధారణంగా 12 వోల్టులు ఇస్తుంది. ఎల్‌ఈడీ పట్టీలు 12 లేదా 24 వోల్టులతో వెలుగుతాయి. డేటా కేబుల్ ద్వారానే కెమెరాకు విద్యుత్తును కూడా అందించే పీఓఈ విధానంలో సుమారు 48 వోల్టులు ఉంటాయి. ఆప్టికల్ ఫైబర్‌లో ప్రయాణించేది కాంతి మాత్రమే.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. మన ఇళ్లలోని సాధారణ కాలింగ్ బెల్ ఎక్కువగా 230 వోల్టులతోనే నడుస్తుంది. గుమ్మం బయట ఉన్న స్విచ్చి చిన్నది కాబట్టి దానికి వెళ్లే తీగ కూడా బలహీనమైనదని భావించి, ఆ తీగలను నేరుగా వీడియో డోర్‌బెల్‌కు కలపడం అత్యంత ప్రమాదకరం. పరికరంపై రాసి ఉన్న వోల్టేజిని, గోడలో ఉన్న తీగ వోల్టేజిని విడివిడిగా నిర్ధారించుకున్న తర్వాతే ముందుకు వెళ్లాలి.

ఒకే పైపులో రెండూ వద్దు

డేటా కేబుల్ పైపొర 230 వోల్టులను తట్టుకునేలా తయారుచేసినది కాదు. అలాంటి కేబుల్‌ను కరెంటు తీగలున్న పైపులోకి లాగినప్పుడు రెండింటి పైపొరలూ రాపిడికి గురవుతాయి. స్ప్రింగు అంచు తగిలి కరెంటు తీగ పైపొర చిట్లవచ్చు. గీజరుకో, ఏసీకో వెళ్లే తీగ వేడెక్కి క్రమంగా మెత్తబడవచ్చు. ఆ తర్వాత ఎప్పుడో ఒకనాడు 230 వోల్టులు డేటా కేబుల్‌లోకి ప్రవేశిస్తాయి. అక్కడి నుంచి కెమెరా లోహపు ఒంటికి, కంప్యూటరుకు, గోడ మీది సాకెట్‌కు చేరుతాయి.

ఇలాంటి సందర్భంలో ఎంసీబీ పడిపోతుందన్న నమ్మకం లేదు. ఎంసీబీ స్పందించేది అధిక ప్రవాహానికి, షార్టుకు మాత్రమే. మనిషి శరీరం గుండా వెళ్లే ప్రాణాంతక ప్రవాహం దాని దృష్టిలో చాలా స్వల్పం. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరాను నిలిపివేసే ఆర్‌సీసీబీ ఇంట్లో తప్పనిసరిగా ఉండాలని చెప్పడానికి కారణం ఇదే. అయినా ఆర్‌సీసీబీ చివరి రక్షణ మాత్రమే. తీగలను వేరుగా ఉంచడం మొదటి రక్షణ.

అందువల్ల డేటా, టీవీ, కెమెరా కేబుళ్లకు ప్రత్యేకమైన పైపు, ప్రత్యేకమైన బాక్సు ఉండాలి. స్విచ్ బోర్డులో ఖాళీ ఉంది కదా అని ఇంటర్నెట్ సాకెట్‌ను అందులోనే బిగించకూడదు. మధ్యలో అడ్డుగోడ ఉన్న బాక్సు అయితేనే అనుమతించవచ్చు. రెండు రకాల తీగలు సమాంతరంగా వెళ్లేటప్పుడు ఎంత ఎడం ఉంటే అంత మంచిది. అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ ఇళ్లలో కనీసం 2 అంగుళాల దూరాన్ని నిర్దేశిస్తోంది. గోడల్లో చాలా దూరం పక్కపక్కనే సాగే పైపుల మధ్య అడుగు ఎడం పాటించడం మంచి పద్ధతి. దీనివల్ల భద్రతతో పాటు డేటాకు విద్యుత్ తరంగాల అంతరాయం కూడా తగ్గుతుంది. ఒకదానినొకటి దాటక తప్పనిచోట లంబకోణంలో దాటించాలి.

పిల్లర్లు, బీమ్‌ల జోలికి వెళ్లరాదు

మన దేశంలో ఇప్పుడు కడుతున్న ఇళ్లలో అధికశాతం ఆర్‌సీసీ చట్రంపై ఆధారపడినవే. స్లాబ్ భారాన్ని బీమ్‌లు, బీమ్‌ల భారాన్ని పిల్లర్లు, పిల్లర్ల భారాన్ని పునాది మోస్తాయి. మధ్యలోని ఇటుక గోడలు గదులను వేరు చేస్తాయి. ఇంటికి ఈ చట్రమే అస్థిపంజరం. కేబుల్ దారిని నిర్ణయించేటప్పుడు ఏది చట్రమో, ఏది కేవలం గోడో ముందుగా గుర్తించాలి.

పిల్లర్‌లో ఇనుప చువ్వలపై సాధారణంగా 40 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఇనుముకు తుప్పు పట్టకుండా, అగ్నిప్రమాదంలో త్వరగా వేడెక్కకుండా కాపాడేది ఆ పొరే. 25 మిల్లీమీటర్ల పైపు పట్టేలా పిల్లర్‌కు గాడి కొడితే ఆ రక్షణలో సగానికి పైగా పోయినట్లే. సుత్తి, ఉలితో కొట్టినప్పుడు గాడి అక్కడితో ఆగదు, చువ్వలు బయటపడతాయి. పైన సిమెంటు పూసి కప్పినా ఆ పూత మొదటి కాంక్రీటుతో సమానం కాదు.

బీమ్ విషయంలో జాగ్రత్త మరింత అవసరం. బీమ్ అడుగు భాగంలో భారాన్ని మోసే ప్రధాన చువ్వలుంటాయి. పిల్లర్లకు దగ్గరగా రింగులు దట్టంగా ఉంటాయి. డ్రిల్లు ఏ చువ్వను తాకుతుందో బయటినుంచి తెలియదు. కేబుల్ బీమ్‌ను దాటవలసిందేనంటే, కాంక్రీటు పోయకముందే స్ట్రక్చరల్ ఇంజినీరు చూపిన చోట పైపు ముక్కను అమర్చాలి. సాధారణంగా బీమ్ లోతులో మధ్య భాగాన, పిల్లర్లకు దూరంగా ఆ చోటును ఎంపిక చేస్తారు. కాంక్రీటు గట్టిపడిన తర్వాత రంధ్రం వేయాలనుకుంటే ఇంజినీరు అనుమతి లేకుండా ఆ పనికి పూనుకోరాదు. బీమ్ కింద నుంచి తిప్పి తీసుకెళ్తే రెండు మూడు మీటర్ల కేబుల్ అదనంగా ఖర్చవుతుంది. ఆ ఖర్చుకు వెనకాడకూడదు.

నగరాల్లోని బహుళ అంతస్తుల భవనాల్లో మరో రెండు రకాల నిర్మాణాలు పెరుగుతున్నాయి. వాడుకలో 'మైవాన్' అని పిలిచే అల్యూమినియం ఫార్మ్‌వర్క్ పద్ధతిలో గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తారు. అక్కడ ఇటుక గోడలా కనిపించేది సైతం భారం మోసే గోడే కావచ్చు. పోస్ట్ టెన్షన్ స్లాబుల్లో ఉక్కు తాళ్లను తీవ్రమైన బిగింపుతో ఉంచుతారు. డ్రిల్లుతో ఆ తాడు తెగితే స్లాబ్ బలం తగ్గడమే కాదు, పనిచేస్తున్న వ్యక్తికి సైతం ప్రాణాపాయం. అటువంటి ఫ్లాట్లలో నిర్మాణ సంస్థ ఇచ్చిన పటాలను చూడకుండా నేలకు గానీ, పైకప్పుకు గానీ లోతైన రంధ్రం వేయకూడదు.

ఇటుక గోడకూ హద్దులున్నాయి

పిల్లర్లు లేకుండా గోడలపైనే స్లాబ్ నిలిచిన ఇళ్లు పల్లెల్లో, పాత పట్టణాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి భారం మోసే గోడలకు గాడి ఎంత లోతు కొట్టవచ్చో ఐఎస్ 1905 ప్రమాణం నిర్దేశించింది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతును, అడ్డ గాడి ఆరో వంతును మించకూడదు. 9 అంగుళాల గోడను, అంటే 230 మిల్లీమీటర్లను లెక్కలోకి తీసుకుంటే నిలువుగా సుమారు 76, అడ్డంగా సుమారు 38 మిల్లీమీటర్లు గరిష్ఠ హద్దు అవుతుంది. భారం మోసే గోడ నాలుగున్నర అంగుళాలదే అయితే అసలు గాడి కొట్టరాదు. అడ్డ గాడులను సాధ్యమైనంత వరకు పరిహరించాలి. పైనుంచి వచ్చే భారం నిలువుగా దిగుతుంది కాబట్టి, అడ్డంగా కోసిన గాడి ఆ మార్గాన్నే సన్నబరుస్తుంది.

ఆర్‌సీసీ చట్రంలోని విభజన గోడలకు ఈ స్థాయి ప్రమాదం లేదు. అయినా నాలుగున్నర అంగుళాల గోడకు ఒకేచోట రెండువైపులా గాడులు కొడితే ఆ గోడ పలచబడి పగుళ్లిస్తుంది. సుత్తి దెబ్బలకు బదులు కటింగ్ యంత్రంతో రెండు గీతలు కోసి, మధ్య భాగాన్ని తొలగించడం మేలు. పైపు అమర్చిన తర్వాత గాడిని సిమెంటుతో నింపి, దానిపై సన్నని ఇనుప జాలీ వేసి ప్లాస్టరింగ్ చేస్తే వెంట్రుకవాసి పగుళ్లు రావు.

చెక్క ఇళ్లలో లెక్క వేరు

అమెరికాలో సొంత ఇల్లు కట్టుకునే తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే పరిస్థితి దీనికి భిన్నం. అక్కడ అత్యధిక ఇళ్లు చెక్క చట్రంతో నిర్మితమవుతాయి. నిలువు చెక్కల మధ్య ఖాళీలో కేబుళ్లు వేసి, పైన జిప్సం బోర్డు బిగిస్తారు. కేబుల్ అడ్డంగా వెళ్లాలంటే చెక్కలకు రంధ్రాలు వేయక తప్పదు. అందుకే అక్కడి నిబంధనలు ఆ రంధ్రాలకు కొలతలు నిర్ణయించాయి. భారం మోసే గోడలోని నిలువు చెక్కకు వేసే రంధ్రం దాని వెడల్పులో 40 శాతాన్ని మించకూడదు. అంతస్తును మోసే అడ్డ దూలంలో రంధ్రం దాని లోతులో మూడో వంతును మించకూడదు. పై అంచుకు గానీ, కింది అంచుకు గానీ 2 అంగుళాల లోపు ఉండకూడదు. నిలువు చెక్క అంచుకు ఒకటింపావు అంగుళం కంటే దగ్గరగా కేబుల్ వెళ్తే, బోర్డు బిగించే స్క్రూ దిగకుండా అక్కడ ఉక్కు పలక కొట్టాలి.

పదార్థం మారినా ఆలోచన ఒక్కటే. కేబుల్ వెళ్లే చోట చట్రం బలం తగ్గకూడదు. తర్వాత దిగే మేకు కేబుల్‌ను తాకకూడదు. చెక్కలో రంధ్రాన్ని కొలిచి వేయవచ్చు. కాంక్రీటులో మాత్రం దారిని పోతకు ముందే వదిలిపెట్టాలి.

పైపు, వంపు, లాగుడు

స్లాబ్‌లో పైపులను సెంట్రింగ్‌పై చువ్వలు కట్టిన తర్వాత, కాంక్రీటు పోయకముందు పరుస్తారు. కేబుల్ పైపులను కూడా అదే రోజున వేయించాలి. డేటా కేబుల్ పైపునకు 25 మిల్లీమీటర్ల పరిమాణం కనీసం ఉండేలా చూసుకోవాలి. పైపు లోపలి వైశాల్యంలో 40 శాతానికి మించి నింపకూడదన్నది సాధారణ సూత్రం. ఆ లెక్కన 25 మిల్లీమీటర్ల పైపులో నాలుగు క్యాట్ 6 కేబుళ్లు సులువుగా పడతాయి. వంపులు ఎక్కువైతే మూడింటితోనే సరిపెట్టుకోవాలి.

మూల తిరిగేచోట గట్టి మోచేతి ముక్క కాకుండా విశాలమైన బెండు వాడాలి. క్యాట్ 6 కేబుల్‌ను దాని వ్యాసానికి నాలుగు రెట్ల కంటే తక్కువ వ్యాసార్ధంతో వంచకూడదు. అంటే ఆ వంపు సుమారు ఒక అంగుళం వ్యాసార్ధం కంటే బిగుతుగా ఉండకూడదు. లాగేటప్పుడు 110 న్యూటన్లు, అంటే సుమారు 11 కిలోల బరువుకు సమానమైన బలం దాటరాదు. అంతకు మించి లాగితే లోపలి జతల మెలికలు సాగిపోతాయి. కేబుల్ తెగినట్లు పైకి కనిపించదు. ఇంటర్నెట్ వేగం మాత్రం తగ్గుతుంది. సాకెట్ వద్ద ఆ మెలికలను అర అంగుళానికి మించి విప్పకూడదు. స్విచ్ నుంచి పరికరం వరకు మొత్తం పొడవు 100 మీటర్లలోపే ఉండాలి.

ప్రతి ఖాళీ పైపులో ఒక నైలాన్ తాడును వదిలిపెట్టడం దూరదృష్టి. పదేళ్ల తర్వాత కేబుల్ రకం మారినా గోడ పగలగొట్టకుండానే కొత్తది లాగవచ్చు.

వోల్టేజి తక్కువైనా వేడి తప్పదు

వోల్టేజి తక్కువ కాబట్టి అగ్నిప్రమాదం ఉండదన్న అభిప్రాయం సరికాదు. 60 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ 230 వోల్టులపై పనిచేస్తే పావు ఆంపియరుకు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. అదే 60 వాట్లు 12 వోల్టులపై అయితే 5 ఆంపియర్లు తీగలో ప్రవహించాలి. ఫాల్స్ సీలింగ్‌లో సన్నని తీగతో, వదులైన జాయింట్లతో ఈ పని చేస్తే ఆ జాయింట్లే వేడెక్కుతాయి. ఎల్‌ఈడీ డ్రైవరును గాలి ఆడేచోట, మళ్లీ చేతికి అందేలా ఉంచాలి. డ్రైవరుకు ఒకవైపు 230 వోల్టులు ఉంటాయన్న సంగతి మరువరాదు.

డేటా కేబుల్ కొనేటప్పుడు లోపలి లోహం పూర్తి రాగిదో కాదో చూసుకోవాలి. తక్కువ ధరకు దొరికే కొన్ని కేబుళ్లలో అల్యూమినియం తీగపై రాగి పూత మాత్రమే ఉంటుంది. వాటిపై 'సీసీఏ' అనే గుర్తు కనిపించవచ్చు. రాగితో పోలిస్తే వీటి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. పీఓఈ కెమెరాలకు వాడితే కేబుల్ అధికంగా వేడెక్కుతుంది, చివరకు వోల్టేజి పడిపోతుంది. తీగ కొనను బ్లేడుతో గీరినప్పుడు లోపల వెండి రంగు కనిపిస్తే అది పూర్తి రాగి కాదని గ్రహించాలి. ఇంటి లోపల వాడే కేబుల్ మంటల్లో తక్కువ పొగ వెలువరించే రకమైతే మేలు. అగ్నిప్రమాదాల్లో మంట కంటే ముందు పొగే ప్రాణాలు తీస్తుంది.

బయటినుంచి వచ్చే కేబుల్‌పై ప్రత్యేక దృష్టి

ఇంటి లోపలి కేబుల్ ఎంత పద్ధతిగా ఉన్నా, వీధి స్తంభం నుంచి వచ్చే కేబుల్ ప్రమాదాన్ని మోసుకురావచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు ప్రసరించి అయిదుగురు మరణించారు. ఆ దుర్ఘటన అనంతరం నగరంలో విద్యుత్ స్తంభాలపై వేలాడుతున్న కేబుళ్ల తొలగింపు ముమ్మరమైంది. ఫైబర్ కేబుల్‌లో విద్యుత్తు ఉండదన్న మాట నిజమే. కానీ వీధిలో లాగే అనేక ఫైబర్ కేబుళ్లలో బలం కోసం ఉక్కు తీగ ఉంటుంది. అది కరెంటు లైనుకు తగిలితే ప్రమాదం ఇంటిదాకా వస్తుంది. ఆ ఉక్కు తీగను ఇంటి బయటే ఆపివేసి, ఫైబర్‌ను మాత్రమే లోపలికి తీసుకోవాలి.

డిష్ యాంటెన్నా, మేడపై కెమెరాలు ఉన్నచోట పిడుగుల ప్రభావాన్నీ దృష్టిలో ఉంచుకోవాలి. డిష్ స్టాండును, టీవీ కేబుల్ పైపొరను ఇంటి ఎర్తింగ్‌కు కలపాలి. బయటి కేబుల్ లోపలికి వచ్చేచోట సర్జ్ రక్షణ పరికరం అమర్చాలి. గోడ రంధ్రాన్ని బయటివైపుకు కొద్దిగా వాలుగా వేసి, కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి తెస్తే వాన నీరు లోపలికి దిగదు.

అపార్ట్‌మెంట్లలో నిలువు మార్గాలు

బహుళ అంతస్తుల భవనాల్లో కేబుళ్లు అంతస్తుల మధ్య నిలువు డక్టుల గుండా వెళ్తాయి. విద్యుత్ కేబుళ్ల డక్టులో నీటి పైపులు, గ్యాస్ పైపులు, టెలిఫోన్ తీగల వంటివి వేయకూడదని జాతీయ భవన నిర్మాణ కోడ్ స్పష్టం చేస్తోంది. ప్రతి అంతస్తు వద్ద ఆ డక్టును నిప్పును ఆపే పదార్థంతో మూసివేయాలని కూడా చెబుతోంది. కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ కోసం ఆ మూతను పొడిచి, తిరిగి మూయకపోతే ఒక అంతస్తులోని పొగ మొత్తం భవనానికి వ్యాపించే పొగగొట్టాన్ని మనమే సిద్ధం చేసినట్లు అవుతుంది. నివాసుల సంఘాలు ఈ విషయంలో కఠినంగా వ్యవహరించాలి.

భవనాల్లో డిజిటల్ సదుపాయాలను బట్టి రేటింగ్ ఇచ్చేందుకు భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో నిబంధనలు జారీ చేసింది. నీరు, విద్యుత్తు మాదిరిగానే డేటా మార్గాలను కూడా నిర్మాణ పటంలోనే చూపాలన్న ఆలోచనకు ఇది బలం చేకూర్చింది. ఫ్లాటు కొనేవారు లిఫ్టు, పార్కింగ్ గురించి అడిగినట్లే కేబుళ్ల డక్టు గురించి కూడా అడగడం మంచిది.

కట్టేసిన ఇంట్లో ఏం చేయాలి?

ఇల్లు ఇప్పటికే పూర్తయి ఉంటే గోడ మీదుగా ప్లాస్టిక్ కేసింగ్ పట్టీలో కేబుల్ వేయడమే అన్నింటికంటే సురక్షితం. తలుపు చట్రం పక్క నుంచి, గోడ అడుగున స్కర్టింగ్ వెంబడి తీసుకెళ్తే అది పెద్దగా కనిపించదు. గోడకు రంధ్రం తప్పదనుకుంటే స్విచ్ బోర్డుకు సూటిగా పైన, కింద, పక్కన వేయకూడదు. కరెంటు పైపులు సాధారణంగా ఆ వరుసల్లోనే ఉంటాయి. పైకప్పులో పైపులు ఫ్యాన్ బాక్సు నుంచి గోడకు ఐమూలగా వెళ్తాయి కాబట్టి, అక్కడ ఏ చోటూ సురక్షితమని ఊహించలేం. డ్రిల్లు పెట్టేముందు మెయిన్ స్విచ్చి ఆపి, టెస్టరుతో పరీక్షించాలి. డ్రిల్లుకు కావాల్సిన కరెంటు కోసం బ్యాటరీ యంత్రాన్ని వాడటం ఉత్తమం.

కేబుల్, కెమెరా పనివారు తమ పనిలో నేర్పరులే కావచ్చు. అయినా 230 వోల్టుల బోర్డు విప్పే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

ఇల్లు కడుతున్నవారు స్లాబ్ పోతకు ముందు రోజున, ప్లాస్టరింగ్‌కు ముందు రోజున ఒక గంట కేటాయించాలి. ప్రతి గోడ వద్ద టేపు పట్టి, నేల నుంచి, మూల నుంచి పైపు ఎంత దూరంలో ఉందో కనిపించేలా ఫొటోలు తీయాలి. స్లాబ్‌పై పైపుల వరుసనూ అలాగే తీయాలి. ఆ ఫొటోలను ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచాలి. పదిహేనేళ్ల తర్వాత గోడకు డ్రిల్లు పెట్టే మనిషికి, అతడు కొత్తవాడైనా సరే, తన చేతికి ఎదురుగా ఏముందో అప్పుడు తెలుస్తుంది.